సన్న డొక్కల గుర్రం

ఆ లాప్‌టాప్‌ని ఏరి కొన్నది మా మామగారు. ఆయన పేరు ఇక్కడ రాయను. కజఖ్ కోడలు మామగారి పేరు నోటితో పలకదు. ఇన్నేళ్ళ అలవాటు, కాగితం మీదైనా నాకు చెయ్యి రాదు. కర్కరాలి కొండల కింద ఆయన ఊళ్ళో ఎవరినైనా అడగండి, పందెం గుర్రాన్ని తయారు చెయ్యడంలో ఆయన తర్వాతే ఎవరైనా అంటారు. అది నిజమే, నేనూ కాదనను.

అది కొన్న రోజు మా కరగండ పట్నంలో తొలి మంచు పడి, కరిగి, వీధులన్నీ బురదగా ఉన్నాయి. మామగారు నక్కతోలు టోపీ తియ్యకుండానే దుకాణంలోకి నడిచారు. పక్కన సంజార్. వెనకాల నేను, మా ఆయన ఎర్మెక్, మా అమ్మాయి తోగ్జాన్.

సంజార్ నేను కన్న కొడుకు. కానీ వాడు నన్ను వదినా అంటాడు, ఎర్మెక్‌ని అన్నా అంటాడు. మొదటి మనవణ్ణి తాతా నాయనమ్మా తమ బిడ్డగా పెంచుకోవడం మాలో ఆనవాయితీ. పాలు మాన్పించిన వారమే మామగారు వచ్చి, వాణ్ణి కోటు లోపల పెట్టుకుని ఊరికి తీసుకెళ్ళారు. వాడికి అమ్మంటే మా అత్తగారు, నాన్నంటే మామగారు. సెలవులకు నేను వెళ్తే "వదిన వచ్చింది!" అని పరిగెత్తుకొచ్చి చేతిలో సంచి అందుకునేవాడు. ఎంత మర్యాదో! కన్నతల్లికి కాదు, చుట్టానికి చేసే మర్యాద అది.

ఆ ఏటికి వాడికి మీసాలు వచ్చాయి, బడి చదువు అయిపోయింది. అయిదుగురు ఒక జట్టుగా ఇంకో అయిదుగురితో పోరాడే కంప్యూటర్ ఆట ఒకటుంది. దానిలో మావాడు గట్టివాడని కరగండలో ఒక క్లబ్బు వాళ్ళకి తెలిసి జట్టులోకి పిలిచారు. మార్చిలో పెద్ద పోటీ, ఎవరింట్లోంచి వాళ్ళు ఆడేది. అది గెలిస్తే క్లబ్బులో ఉద్యోగం, జీతం, ఉండటం మా ఇంట్లో. ఓడితే జట్టు రద్దు.

మామగారు పందెం మనిషి కదా, పందెం భాషలోనే తేల్చారు. "ఒక్క చలికాలం. గెలిచావా, పట్నంలో ఉండు, నేను నోరెత్తను. ఓడావా, వసంతానికి ఊరికి రా, గుర్రాలు నీవి. కానీ నా రౌతుని చెత్త గుర్రం ఎక్కించి పంపించను. గుర్రాన్ని నేనే కొనిస్తా."

దుకాణంలో అమ్మకాల అమ్మాయి నల్లటి, లావుపాటి లాప్‌టాప్ ఒకటి ముందుకు జరిపింది. వెనకవైపు దానికి పెద్ద పెద్ద సందులున్నాయి. "తాతగారూ, గేమ్స్ కోసమైతే ఇది తీసుకోండి."

మామగారు దాన్ని రెండు చేతులా ఎత్తి, బరువు చూసి, కింద పెట్టేశారు. "ఇది మాంసం గుర్రం తల్లీ. డిసెంబరులో కోసుకుని చలికాలమంతా తినడానికి బాగుంటుంది. నేనడిగేది పరిగెత్తే గుర్రాన్ని."

తోగ్జాన్ కిసుక్కున నవ్వింది. నేను దాని మోచెయ్యి గిల్లాను.

ఆయన కళ్ళు పక్క బల్ల మీద వెండిరంగు దాని మీద పడ్డాయి. అట్టముక్కంత పల్చగా ఉంది. రెండు వేళ్ళతో ఎత్తారు. డొక్క తడిమినట్టు అంచు పొడవునా బొటనవేలు నడిపారు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇదిరా గుర్రమంటే! చూడు, ఎముక మీద చర్మం. చుక్క కొవ్వు లేదు."

"తాతగారూ, అది ఆఫీసు పనికి..."

"నువ్వు పుట్టకముందు నుంచి గుర్రాలు కొంటున్నా అమ్మాయ్."

ఆ పిల్ల దిక్కుతోచక సంజార్ వైపు చూసింది. సంజార్‌కి తెలుసు. ఒక్క క్షణం వాడి చూపు ఆ నల్లదాని మీదికి వెళ్ళి వచ్చింది, నేను చూశాను. తర్వాత వాడు ముసలాయన ముఖం చూశాడు.

"చాలా బాగుంది నాన్నా," అన్నాడు.

నేను చిన్నపిల్లల బడిలో వంటమనిషిని. అక్కడ నేను గొంతెత్తితే పెద్ద పంతులమ్మ కూడా తలుపేసుకుంటుంది. మామగారి ముందు మాత్రం కుక్కిన పేనునే. ఎర్మెక్ సరేసరి, తండ్రి ఎదుట దగ్గడానికి కూడా బయటికి పోతాడు. అలా మా అందరి నోళ్ళూ మూతబడి ఉండగా ఆ సన్న గుర్రం మా ఇంటికొచ్చింది.

*

మాది అయిదో అంతస్తు. మునిసిపాలిటీ వాళ్ళు వేడినీళ్ళు పంపే గొట్టాలు ప్రతి కిటికీ కిందా ఉంటాయి, వాటిని తగ్గించే వీలు లేదు. బయట ఉమ్మేస్తే గడ్డకట్టే చలి, లోపల చొక్కా విప్పుకునేంత ఉక్క. ఆ ఉక్కలో సంజార్ లాప్‌టాప్ తెరిచి ఆట మొదలుపెట్టేవాడు. మొదట్లో నాకు తేడా తెలిసేది కాదు. బొమ్మలు నీళ్ళలా కదిలేవి, వాడి వేళ్ళు అసలు కనిపించేవి కావు. కాసేపటికి లోపలి ఫ్యాను కీచుమనేది. ఆ తర్వాత బొమ్మ ఆగి ఆగి కదిలేది, వాడు పళ్ళు కొరుకుతూ "పద, పద, పద" అని దాన్ని అదిలించేవాడు.

"ఏమొచ్చిందే దానికి?" అని తోగ్జాన్‌ని అడిగాను.

"వేడెక్కిందమ్మా. వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించేసుకుంటుంది. పల్చగా చేశారుగా, లోపల గాలాడే చోటేదీ?"

"ఎంతసేపు బాగా నడుస్తుంది?"

"ఓ పావుగంట చిరుతపులి. తర్వాత ముసలి గాడిద."

"మరి ఆట ఎంతసేపు?"

"గంట దాకా పోతుంది."

వాడు గెలవాలి. గెలిస్తే నా ఇంట్లో ఉంటాడు, ఓడితే ఊరికి పోతాడు, ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, గుర్రాలు, ఇక వాణ్ణి నేను చూసేది చుట్టంగానే. ఆ చలికాలమంతా నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు. ఇందులో దాచుకునేదేముంది, కన్నతల్లిని.

మొదట్లో దాన్ని నేలమీద బొంత పరిచి పెట్టుకుని ఆడేవాడు, ఊళ్ళో అలవాటు ప్రకారం. కింద మెత్తగా బొంత, పైన కీచుమనే ఫ్యాను. తోగ్జాన్ వచ్చి "అన్నా, దానికి ఊపిరాడకుండా పరుపేశావేంటి?" అని బొంత లాగేసింది. తర్వాత బల్ల మీదికి మార్చాడు. ఆ తర్వాత ఒకరోజు నేను పని నుంచి వచ్చేసరికి వాడు బాల్కనీలో ఉన్నాడు. గొర్రెతోలు కోటు, చెవుల టోపీ వేసుకుని, బంగాళాదుంపల పెట్టె మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆడుతున్నాడు. నోటి నుంచి పొగలు. పక్కనే మేము చలికాలానికి వేలాడదీసిన గుర్రపు తొడ మాంసం, రాయిలా గడ్డకట్టి.

నేను టీ తీసుకుని తలుపు తెరిచాను.

"వదినా, తలుపు వెయ్యి! లోపలి వేడి వస్తోంది."

"చచ్చిపోతావురా ఈ చలికి!"

"ఇక్కడైతే ఇది ఆగట్లేదు వదినా, చూడు. గంటైంది, ఇంకా పరిగెడుతూనే ఉంది."

వాడి ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది, కానీ నవ్వుతున్నాడు. వాడు నాకు ఏదైనా చూపించి నవ్వడం అదే మొదటిసారి. నేను ఉన్ని చేతితొడుగులు వేళ్ళ కొసలు కత్తిరించి తెచ్చిచ్చాను. కప్పు పట్టుకుని అక్కడే నిలబడ్డాను, నాకు ఆ ఆటలో ఎవరు ఎవర్ని చంపుతున్నారో కూడా అర్థం కాదు. టీ గడ్డకట్టేదాకా చూశాను.

సాయంత్రాలు ఊరి నుంచి ఫోన్ వచ్చేది. మామగారి గొంతు ఇల్లంతా వినబడేది, ఫోన్‌లో ఎంత దూరమైతే అంత గట్టిగా అరవాలని ఆయన లెక్క.

"గుర్రం ఎలా ఉందిరా?"

"బాగుంది నాన్నా."

"రోజూ పరిగెత్తించి చెమట తీస్తున్నావా?"

"తీస్తున్నా."

"పరిగెత్తించాక చల్లారనీ. తొందరపడకు. చల్లారని గుర్రం సగం గుర్రం."

"అలాగే నాన్నా."

తర్వాత అత్తగారు అందుకునేది. "ఏం తిన్నావురా తండ్రీ?"

"వదిన ఇవాళ మాంసం, పిండి పలకలు చేసింది అమ్మా."

"ఆవిడకి మాంసం సన్నంగా కొయ్యడం రాదు. చెప్పులు కోసినట్టు కోస్తుంది. ఉప్పు వేసుకుని తిను."

నేను పక్కనే ఉన్నాను. నేను పక్కన ఉన్నానని ఆవిడకీ తెలుసు. సంజార్ నా వైపు చూసి ఇబ్బందిగా నవ్వాడు. నేను గిన్నెలు కాస్త గట్టిగా తోమాను.

జనవరిలో మొదటి అంచె పోటీ జరిగింది. ఆ వారం కరగండలో బస్సులు కూడా కదల్లేదు, అంత చలి. మావాడు బాల్కనీలో కూర్చుని గెలిచాడు. లోపలికొచ్చి గొట్టాల మీద చేతులు పెట్టి కాచుకుంటూ, నొప్పికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ నవ్వాడు. చలి అంటే జన్మలో ఎప్పుడూ ఇష్టపడనిదాన్ని, ఆ ఏడు మాత్రం దేవుడా, ఈ చలి తగ్గించకు అని మొక్కుకున్నాను.

దేవుడు మార్చిలో వినడం మానేశాడు. నౌరీజ్, అదే మా వసంతపు కొత్త సంవత్సరం పండగ, ఇంకా రాలేదు, అప్పుడే చూరుల నుంచి నీళ్ళు కారడం మొదలైంది. మా బాల్కనీ దక్షిణం వైపు. మధ్యాహ్నం ఎండ నేరుగా లోపలికి కొట్టేది. తొడ మాంసం కరిగి నేల మీద చుక్కలు పడితే తీసి ఫ్రిజ్జులో పెట్టాను. గొట్టాల్లో మాత్రం వేడినీళ్ళు అలాగే పారుతున్నాయి, ఏప్రిల్ దాకా ఆపరు. ఆఖరి పోటీ పట్టపగలు.

కింది అంతస్తులో గలీనా పెట్రోవ్నా ఉంటుంది. ఆవిడ మనవడూ ఆ ఆటే ఆడేవాడు, సైన్యంలోకి వెళ్తూ తన లాప్‌టాప్ వదిలి వెళ్ళాడు. నల్లటిది, లావుపాటిది, దుకాణంలో మామగారు కాదన్నదానికి అన్న వరస. నేను వెళ్ళి అడిగితే ఆవిడ "తీస్కెళ్ళవే, ఊరికే దుమ్ము తింటోంది" అని ఇచ్చేసింది. తెచ్చి సంజార్ ముందు పెట్టాను.

వాడు దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. "వద్దు వదినా."

"ఎందుకొద్దు?"

"నాన్న ఇచ్చిన గుర్రం మీదే పరుగు. అదీ మాట."

"నాన్నకెలా తెలుస్తుంది? ఆయన ఊళ్ళో ఉంటారు."

"అడుగుతాడు. నేను నాన్నకి అబద్ధం చెప్పను."

"మరి రోజూ సాయంత్రం బాగుంది, బాగుంది అని చెప్పేదేంటిరా? నిజమా అది?"

వాడి ముఖం ఎర్రబడింది. "అది వేరు. ఆయన గుర్రం విషయంలో పొరపాటు పడ్డాడని నా నోటితో ఎలా చెప్పను? ఊళ్ళో అందరికీ చూపించాడు తెలుసా, కొన్న వారం దీన్ని నాతో ఊరికి తెప్పించుకున్న రోజు. ఇంటింటికీ తిరిగి చూపించాడు. కొత్త గుర్రాన్ని చూసినట్టే అందరూ దీవించి బహుమానాలు ఇచ్చారు. ఓడిపోతే ఓడిపోతాను. నువ్వు దీన్లో తలదూర్చకు వదినా."

వదినా అనే మాట అంత గట్టిగా ఎప్పుడూ తగల్లేదు నాకు. ఆ లాప్‌టాప్ తీసుకెళ్ళి బీరువాలో బొంతల కింద పెట్టాను. గలీనాకి తిరిగి ఇవ్వలేదు.

*

పోటీ ముందురోజు మామగారు వచ్చారు. గుర్రాలు ఈనే కాలం కాబట్టి అత్తగారు ఊళ్ళోనే ఉండిపోయి, ఒక గోనెసంచి నిండా బౌర్సాకులు, మా పండగ పిండి బూరెలు, వేయించి పంపింది. మర్నాడు మామగారు పండగ కోటు తొడుక్కుని, సంజార్ కుర్చీ వెనకాల పీట వేయించుకుని కూర్చున్నారు. చేతిలో కొరడా కూడా ఉంది, అది లేకుండా ఆయన ఏ పందేనికీ వెళ్ళరు. ఎర్మెక్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తోగ్జాన్ తన పుస్తకాల అట్ట తీసుకుని లాప్‌టాప్‌కి విసరడం మొదలుపెట్టింది.

"ఎందుకే విసురుతున్నావు?" అన్నారు మామగారు.

"ఉక్కగా ఉంది తాతా."

ఎవరు ముందు రెండు ఆటలు గెలిస్తే వాళ్ళది పోటీ. మొదటి ఆటలో మావాళ్ళు ముందున్నారు. మామగారు కూడా పీట మీద ముందుకు వంగి "హా! హా!" అంటున్నారు, ఏమీ అర్థం కాకపోయినా పరుగు పసిగట్టడం ఆయనకి వచ్చు. తర్వాత ఫ్యాను కీచుమంది. ఎండ కిటికీలో నుంచి బల్ల మీద పడుతోంది, నేను దుప్పటి అడ్డం కట్టాను. లాభం లేకపోయింది. బొమ్మ ఆగడం, దూకడం, ఆగడం. అవతలి నుంచి జట్టు నాయకుడు చెవిలో అరుస్తున్నట్టున్నాడు, సంజార్ "తెలుసు, తెలుసు" అంటున్నాడు. ఆఖర్న ఒక్కసారి అంతా నిలిచిపోయింది. మళ్ళీ కదిలేసరికి మావాడి బొమ్మ నేలమీద పడి ఉంది. ఆట పోయింది.

రెండో ఆటకి ముందు కాస్త విరామం ఇచ్చారు. సంజార్ చెవిఫోన్లు తీసి మెడకి వేసుకున్నాడు. వీపంతా చెమట.

"ఏమైందిరా?" అన్నారు మామగారు.

"నా తప్పే నాన్నా. చేతులు వణికాయి."

మామగారు కొరడా ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత చాలా మెల్లగా, ప్రేమగా అన్నారు. "పోనీలేరా. గుర్రం మంచిదే, రౌతే ఇంకా పండలేదు. అందరికీ అవుతుంది. ఈ మిగిలిన ఆట కూడా ఆడేసి పద, రేపు పొద్దున్నే ఇంటికి పోదాం. అమ్మ ఎదురుచూస్తోంది."

సంజార్ తల ఊపాడు.

నేను టీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. దాన్ని కింద పెట్టాను.

"మామయ్యగారూ, తప్పు వాడిది కాదు. గుర్రానిది."

ఎర్మెక్ "రౌషన్!" అన్నాడు. తండ్రి ఎదుటే నన్ను పేరు పెట్టి గద్దించాడు.

"మీరు కొన్నది పరుగుకి పనికొచ్చేది కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, కానీ ఆగలేదు. "అది కాసేపే పరిగెడుతుంది. తర్వాత వేడెక్కి చతికిలపడుతుంది. కొన్న రోజు నుంచీ అంతే. వీడు చలికాలమంతా బాల్కనీలో గడ్డకట్టుకుపోతూ ఆడాడు, మీకు చెప్పలేక. దుకాణంలోనే తెలుసు వీడికి. వీడి చూపు చూసి నేనూ ఊరుకున్నాను."

"వదినా, నోర్ముయ్!" సంజార్ లేచి నిలబడ్డాడు. నన్ను కొట్టేస్తాడేమో అనుకున్నాను. వాడి కళ్ళలో నీళ్ళు. "నీకెందుకు? నిన్నెవరడిగారు?"

నేను లోపలికెళ్ళి బొంతలన్నీ కింద పడేసి ఆ నల్లదాన్ని తెచ్చాను. బల్ల మీద, సన్నదాని పక్కన పెట్టాను. రెండూ పక్కపక్కన నిజంగానే పందెం గుర్రం, మాంసం గుర్రంలా ఉన్నాయి.

మామగారు నా వైపు చూడలేదు. చెయ్యి చాచి సన్నదాని మీద అరచెయ్యి ఆనించారు, చప్పున వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ ఆనించి ఈసారి ఉంచారు. దాన్ని ఎత్తి తిరగేశారు. అడుగున గోరు పట్టనంత సన్నటి చీలికలు. ఆ చీలికల మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయారు.

"డొక్కలు చూశాను," అన్నారు చివరికి. "ముక్కుపుటాలు చూడలేదు."

ఆయన సన్నదాన్ని మూసి ఒళ్ళో పెట్టుకున్నారు, కొరడాతో నల్లదాన్ని చూపించి సంజార్‌తో అన్నారు. "ఎక్కు."

"వద్దు నాన్నా. నేను..."

"ఎక్కరా. ఊపిరాడని గుర్రం మీద రౌతుని పంపింది నేను. నా పరువు నువ్వు ఓడితే నిలబడదు."

తోగ్జాన్ తీగలన్నీ మార్చింది. సంజార్ రెండో ఆట గెలిచాడు, మూడోదీ గెలిచాడు. గెలిచినప్పుడు జట్టువాళ్ళ కేకలు చెవిఫోన్లలోంచి మాకూ వినబడ్డాయి. మా గదిలో మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సంజార్ కుర్చీలోంచి తిరిగి ముసలాయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"నాన్నా, నువ్వు రమ్మంటే వచ్చేస్తాను."

"రమ్మనను. మాట మాటే. నీకు రావాలని ఉందా, అది చెప్పు."

సంజార్ చాలాసేపు నేల చూశాడు. మామగారు తొందరపెట్టలేదు.

"లేదు నాన్నా," అన్నాడు.

మామగారు వాడి తల నిమిరారు.

*

వంటింట్లో నేను ఏడుస్తూ ఉల్లిపాయలు తరుగుతున్నాను, ఉల్లిపాయలతో పని లేకపోయినా. మామగారు గుమ్మంలోకి వచ్చారు. ఆయన మా వంటింటి గడప దాటడం ఎప్పుడూ చూడలేదు. నేను చెయ్యి తుడుచుకుని లేచి నిలబడ్డాను.

"వాడి కోసం మాట్లాడావా, నీ కోసమా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "రెండూను."

"ఊఁ." ఆయన గోడకున్న గరిటెలు చూస్తూ నిలబడ్డారు. "వాణ్ణి కోటులో పెట్టుకుని తీసుకెళ్ళానే, ఆ రోజు ఎందుకు మాట్లాడలేదు?"

"మీరు అడగలేదు మామయ్యగారూ."

"అడిగితే?"

"ఇవ్వనని చెప్పేదాన్ని."

ఆయన తల పంకించారు. కోప్పడతారేమో అనుకున్నాను, కోప్పడి ఉంటే బాగుండేది. "మా అమ్మని కూడా ఎవరూ అడగలేదు," అన్నారు. "నన్నూ మా తాతే పెంచాడు. అడగాలని నాకు తెలీదు."

కుర్చీ జరిపి ఇచ్చాను. కూర్చోలేదు.

"మీ అత్తయ్య వాడికి కొత్త పక్క కుట్టింది. ఒంటె ఉన్ని వేసి. రేపు వస్తాడని చూస్తూ ఉంటుంది. ఇలాంటి మాట ఫోన్‌లో చెప్పేది కాదు, ఎదురుగా వెళ్ళి చెప్పాలి. నా వల్ల కాదు." ఆయన గుమ్మం వైపు తిరిగారు. "నీకు ఇప్పుడు నోరు వచ్చిందిగా. వచ్చి నువ్వే చెప్పు."

మర్నాడు తెల్లారాక బయల్దేరాం. సంజార్ క్లబ్బుకి వెళ్ళాల్సి ఉంది. మామగారిని గట్టిగా కావలించుకుని వదిలాడు, నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు మాట్లాడలేదు, మాట్లాడటం మొదలుపెట్టాక కూడా వదినా అనే పిలిచాడు, ఇవాళ్టికీ అలాగే పిలుస్తాడు. ఎర్మెక్ కారు నడిపాడు. మామగారు ముందు సీట్లో సన్న లాప్‌టాప్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. రోడ్డుకి అటూ ఇటూ మంచు కరిగి మైదానం మచ్చలు మచ్చలుగా నల్లబడుతోంది.

కారు చప్పుడుకి అత్తగారు గుర్రాల కొట్టంలోంచి వచ్చింది. చేతుల నిండా గడ్డి, ముఖం నిండా నవ్వు. వెనక తలుపు తీసింది. నన్ను చూసింది, నా పక్క ఖాళీ సీటు చూసింది. ఇంకెవరైనా ఉన్నారేమోనన్నట్టు నా వెనక్కి కూడా చూసింది.

"ఏడీ?"

మామగారు కారు దిగి నేరుగా కొట్టం వైపు నడిచిపోయారు. ఎర్మెక్ వంగి టైరు చూడటం మొదలుపెట్టాడు. మొగాళ్ళు.

నేను దిగాను. "రాలేదు అత్తయ్యా. గెలిచాడు. ఇక పట్నంలోనే ఉంటాడు."

"ఎవరి దగ్గర?"

"నా దగ్గర."

ఆవిడ నవ్వు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. ఆ నవ్వు పోవడం నేను నిలబడి చూశాను, చూడక తప్పలేదు.

"వాడే అన్నాడా ఆ మాట?"

"వాడే అన్నాడు. కానీ అనేదాకా తెచ్చింది నేను."

అత్తగారు చేతులకున్న గడ్డి ఒక్కొక్కటే తీసి కింద పడేసింది. అంగీ అంచుతో చేతులు తుడుచుకుంది, తుడిచినవే మళ్ళీ తుడుచుకుంది. కొట్టంలో కొత్తగా పుట్టిన గుర్రప్పిల్ల సన్నగా అరిచింది, ఆవిడ అటు తిరగలేదు.

"ఇన్నేళ్ళూ నన్ను మనసులో తిట్టుకుంటూనే ఉన్నావు," అంది. "తెలుసు నాకు. నేను వాడికి బువ్వ పెట్టిన ప్రతిసారీ తిట్టుకునే ఉంటావు."

నేను కాదనలేదు.

"సరే. ఇక మీదట ఆ తిట్టుకునే పని నేను చేస్తాను," అని ఇంటి తలుపు తెరిచి పట్టుకుంది. "రా లోపలికి. టీ చల్లారిపోతోంది."